లెక్క చదివి వినిపించండి

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువుంది. విజయనగరపు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. 1369లో ఆ కథంతా రాతిమీద చెక్కించాడు కూడా. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన అంగాలు పన్నెండట, ఉండకూడని దోషాలు ఆరట. కట్ట నుంచి నీరు కారడం ఆ దోషాల్లో ఒకటి. ఇంత వివరంగా చెప్పిన మహానుభావుడు డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఖర్చయిన ధనధాన్యాలకు లెక్కే లేదనేశాడు!

రాజుగారికి అది గొప్ప. మన ఇంట్లో ఎవరైనా ఆ మాటంటే ఊరుకుంటామా? పాల పద్దు దగ్గర్నుంచీ రాసుకునే వాళ్లం కదూ మనం!

తర్వాత రాజులు పోయి ఇంజనీర్లు వచ్చారు. ఎంత పొడవు, ఎంత లోతు తవ్వారో రాయడానికి ఎం.బుక్కు వచ్చింది. ఎవరు ఎన్నాళ్లు పనిచేశారో రాయడానికి మస్టరు వచ్చింది. లెక్కయితే పుట్టింది గాని, పుట్టగానే బీరువాలోకి వెళ్లి కూర్చుంది. రాసేవారూ, సరిచూసేవారూ ఒకే ఆఫీసు వాళ్లు. కంచే చేను మేస్తే చెప్పేదెవరు? తన పేరు ఎదుట ఎన్ని రోజుల కూలి పడిందో పనిచేసిన మనిషికే తెలిసేది కాదు.

ఆ బీరువా తలుపు గట్టిగా తట్టింది రాజస్థాన్ పల్లెజనం. 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు లెక్కల కాగితాలను నలుగురి మధ్యా చదివి వినిపించారు. అంతే, దొంగలెక్కలు వాటంతటవే బయటపడ్డాయి.

2005 ఉపాధి హామీ చట్టంలో సామాజిక తనిఖీకి చోటు దొరికింది. దాన్ని ముందుగా శ్రద్ధగా పట్టుకున్న రాష్ట్రం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2006లో అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున జరిగింది. కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చారు. వాళ్లు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఎన్నాళ్లు పనికెళ్లారు, ఎంత ముట్టింది అని అడిగారు. టేపు పెట్టి తవ్విన చోటు కొలిచారు. ఆఖరున మండలంలో అధికారుల ఎదుటే అంతా చదివారు. పని చేయించేవారి చేతిలో తనిఖీ ఉండకూడదని 2009లో దానికి వేరే సంస్థనే పెట్టారు.

చెప్పొద్దూ, బయటపడ్డ సొమ్ములో తిరిగి వచ్చింది తక్కువే. అయినా అక్షరం రాని ఆడమనిషి నిండు సభలో లేచి, నేను వెళ్లని రోజులకు నా పేరెవరు రాశారని అడగగలిగింది. అది చిన్న సంగతా?

నేనుండే నిజాంపేట అపార్టుమెంట్ల ఊరు. నీళ్ల ట్యాంకర్ల ఖర్చు సంఘం మీటింగులో పైసాతో సహా చదువుతారు. తేడా వస్తే ముందు లేచేది ఆడవాళ్లమే. గేటు దాటి బయటికొస్తే రోడ్డూ మన డబ్బుతో వేసిందే, మురుగు కాలువా మన డబ్బుతో తవ్విందే. వాటి ఎం.బుక్కు చదివి వినిపించమని ఎప్పుడైనా అడిగామా? 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం పని చూడవచ్చు, కాగితాలు చూడవచ్చు, వాడిన సరుకు నమూనా కూడా అడిగి తీసుకోవచ్చు.

వచ్చే మీటింగులో ట్యాంకర్ల పద్దు అయ్యాక, రోడ్డు పద్దుకీ ఒక దరఖాస్తు పెడదామని అడగబోతున్నాను. మీ వీధిలో ఎవరు అడుగుతారు?