సి. ఎస్. నాయుడుగారి బంతుల లెక్క

వత్రాప్ మొదలుకొని రాజపాళయము వరకు మన తెలుగువారి యిండ్లలో క్రికెట్టు మాట వచ్చినపుడు పెద్దలు కర్నల్ సి. కె. నాయుడుగారి పేరు తలచుట వాడుక. 1926లో బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండు నుండి వచ్చిన ఎం. సి. సి. జట్టుపై ఆయన పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసిన కథయు, 1932లో లార్డ్సు మైదానమున మన దేశపు మొదటి టెస్టు జట్టునకు నాయకత్వము వహించిన కథయు అందరెరిగినవే. నాగపూరులో స్థిరపడిన ఆ తెలుగు కుటుంబమున పుట్టిన తమ్ముడు కొట్టారి సుబ్బన్న నాయుడుగారిని గూర్చి మాత్రము, అన్నగారి పేరు వలన పైకి వచ్చినవాడని తేలికగా అనువారు కలరు. వారు చూపు ఆధారము ఒక్క అంకె. పదకొండు టెస్టులలో ఆయనకు దక్కినవి రెండే వికెట్లు. ఇచ్చిన పరుగులు 359. అనగా వికెట్టొక్కింటికి 179.5 పరుగులు!

చిరకాలము కచేరీలో లెక్కల పుస్తకములతో గడిపిన నాకు ఇట్టి సగటును చూడగానే తోచు ప్రశ్న వేరు. ఈ మొత్తము ఎంత పనికి వచ్చినది? విచారింపగా, ఆ పదకొండు టెస్టులలో కలిపి ఆయనచే వేయించినవి వంద ఓవర్లు కూడ నిండలేదు. ఒక నెల వసూలు చూచి సంవత్సరపు శిస్తును నిర్ణయించు అధికారిని ఎవరైన మెచ్చుకొందురా?

ఇక రెండవ పుటను తిరుగవేయుదము. 1945 మార్చిలో బొంబాయి బ్రబోర్న్ మైదానమున రంజీ అంతిమ పోటీ జరిగెను. బొంబాయి జట్టు ఒకవైపు, హోల్కారు జట్టు మరియొకవైపు. హోల్కారు నాయకుడు అన్న సి. కె. గారే. సుబ్బన్నగారు మొదటి ఇన్నింగ్సులో 64.5 ఓవర్లు వేసి 153 పరుగులకు ఆరు వికెట్లు తీసిరి. రెండవ ఇన్నింగ్సులో విజయ మర్చంటు 278 పరుగులు చేయగా బొంబాయి 764కు పోయెను. ఆ యెండలో ఈయన 88 ఓవర్లు వేసి 275 పరుగులకు ఐదు వికెట్లు తీసిరి. రెండును కలిపిన 917 బంతులు, 428 పరుగులు, 11 వికెట్లు. ఒక్క ఆటలో ఇన్ని బంతులు వేసినవాడు ప్రథమశ్రేణి క్రికెట్టులో నేటివరకు మరియొకడు లేడు. హోల్కారు 374 పరుగులతో ఓడెను. డెనిస్ కాంప్టను హోల్కారు పక్షమున అజేయముగ 249 చేసినను ప్రయోజనము లేకపోయెను. అయినను పదునెనిమిదేండ్ల టెస్టు జీవితమున వేసిన దానికంటె ఎక్కువ పని ఆ ఒక్క ఆటలో సుబ్బన్నగారిచే చేయించిరి. పని చేయలేనివానికి ఏ నాయకుడును, అన్నయే యైనను, 152 ఓవర్లు బంతి నందించి కూర్చుండడు.

అది ఒక్కనాటి ముచ్చట కాదు. 1942–43లో బరోడా పక్షమున ఆయన ఒకే రంజీ కాలమున 40 వికెట్లు తీసి మొదటిసారి ఆ మెట్టు నెక్కిరి. ప్రథమశ్రేణి ఆటలన్నిటిలో ఆయన వికెట్లు 647, సగటు 26.54.

క్రింది మెట్టున తీసిన వికెట్లకు పై మెట్టున అంత విలువ యుండునా అని అడుగుట న్యాయమే. అమెరికా వారి బేస్‌బాల్ ఆటలో ఈ చిక్కు నిత్యము ఉండునదే. అక్కడ మొదటి పిచ్చరు అలసినపుడు దింపు రిలీఫ్ పిచ్చరు ఒకటి రెండు ఇన్నింగ్సులకే బంతి విసరి పోవును. రెండు మూడు చెడుదినములు వచ్చెనా, అతని సంవత్సరపు సగటు పాడగును. కావున తెలిసిన పరీక్షకులు ఇచ్చిన పరుగులకంటె, ఎందరిని బంతి తగులనీయక వెనుకకు పంపినాడు, ఎందరిని గురితప్పి ఊరక మొదటి బేసుకు పోనిచ్చినాడు అను లెక్కను ఎక్కువ నమ్ముదురు. పెద్ద జట్టులకు క్రింద చిన్న జట్టులుండును. సెయింట్ లూయీ జట్టు నిర్వాహకుడు బ్రాంచి రికీ 1920 తరువాత అట్టి చిన్న జట్టులను చేర్చుకొని యువకులను పెంచు నారుమడులుగ చేసెను. అక్కడ కుఱ్ఱవాని అంకెతో పాటు వాని వయస్సును, ఎదుటివారి బలమును గూడ తూచి చూతురు.

ఆ తూనికను సుబ్బన్నగారికి వర్తింపజేసి చూడుడు. 1934 జనవరిలో కలకత్తాలో మొదటి టెస్టు ఆడునాటికి ఆయనకు పందొమ్మిదేండ్లు. మన రంజీ పోటీలు మొదలైనది ఆ సంవత్సరాంతమున! నారుమడి పోయక మునుపే పొలమున నాటిన మొక్క యిది. తరువాత 1936 మొదలు 1946 వరకు మన దేశము ఒక్క టెస్టు కూడ ఆడలేదు. ఇరువది రెండవ యేట నుండి ముప్పది రెండవ యేటి వరకు, అనగా ఆయన 40 వికెట్లు తీసిన కాలమును 917 బంతులు వేసిన కాలమును, టెస్టు పుస్తకమున ఖాళీ పుటలే. మణికట్టుతో బంతిని త్రిప్పు లెగ్‌స్పిన్ విద్య సహజముగనే ఖర్చుతో కూడినది. పది బంతులు దెబ్బ తిన్న పిమ్మట ఒకటి పని చేయును. అంతవరకు ఓర్చు నాయకుడు కావలెను.

ఆయన గొప్ప టెస్టు బౌలరని నేననను. అట్లనుటకు సాక్ష్యము లేదు. అయోగ్యుడనుటకును లేదని మాత్రమే నా వాదము. దీనికి తారుమారైన ఉదాహరణము కూడ మన తెలుగువారిలోనే కలదు. మదరాసు కోటా రామస్వామిగారు 1936లో, నలువదేండ్లు నిండిన పిమ్మట, రెండు టెస్టులాడి 56.66 సగటు గడించిరి. రెండు టెస్టుల సగటును చూచి ఆయనను మర్చంటుకంటె మిన్నయని ఎవరును వ్రాయలేదు గదా!

ఆ రామస్వామిగారి తండ్రియే బుచ్చిబాబు నాయుడుగారు. 1888లో మదరాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, దేశీయ యువకులకు బ్యాట్లు బంతులు తన ఖర్చుతో సమకూర్చి ఆట నేర్పిన దాత. 1908లో ఆయన కాలధర్మము చెందిరి. ఆయన పేర చెన్నపట్టణమున పోటీలు నేటికిని జరుగుచున్నవి. సి. కె. నాయుడుగారి పేర యువకులకు దేశమంతట పోటీలున్నవి. మన విరుదునగరు జిల్లా పిల్లలు ఆడు చిన్న ఆటలలో లెక్క వ్రాయువారు వికెట్ల గడి ప్రక్కన ఓవర్ల గడిని ఖాళీగ విడువకుందురు గాక.