వేగుజుక్క నుంచి షాడో దాకా: మన డిటెక్టివ్ పుస్తకాలు, మన రహస్యాలు



పోయిన వారం మన సభ్యురాలు ఒకామె అడిగారు. వాళ్ళ మనవరాలు ఇంగ్లీషులో ఒక సీరీస్ చదువుతోందట. నలుగురైదుగురు స్నేహితురాళ్ళు, ఒక్కొక్కరికీ ఒక రహస్యం, పది పుస్తకాలు దాటినా గుట్టు వీడదు. "ఇలాంటివి మన తెలుగులో లేవాండీ?" అన్నారు. ఉన్నాయమ్మా. ఈ రకం పుస్తకాలకు మన బరంపురంలోనే వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అది చెప్పి, దాని వెనకాలే మా రహస్యం కూడా ఒకటి చెబుతాం.

అమెరికాలో పిల్లల డిటెక్టివ్ సీరీస్‌లలో బాగా పేరుపడ్డ హార్డీ బాయ్స్ 1927లో మొదలైంది. నాన్సీ డ్రూ 1930లో వచ్చింది. రాసేవాళ్ళు మారుతున్నా అట్ట మీద రచయిత పేరు మాత్రం ఒకటే. నాన్సీ డ్రూకి కేరొలిన్ కీన్ అని పేరు వేశారు గానీ ఆ పేరుతో మనిషే లేదు. అంటే పుస్తకం లోపలే కాదు, పైన కూడా రహస్యమే. ఇంగ్లండులో ఎనిడ్ బ్లైటన్ ఐదుగురు నేస్తాల కథలు 1942లో మొదలుపెట్టి 1963 దాకా 21 పుస్తకాలు రాశారు.

వీటన్నిటికంటే ముందే, 1910ల్లో, బరంపురంలో వేగుజుక్క గ్రంథమాల అని ఉండేది. వేగుజుక్క అంటే తెల్లవారుజామున పొడిచే చుక్క. వేటకు వెళ్ళే మన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. దేవరాజు వేంకటకృష్ణారావు గారి 'వాడే వీడు' లాంటి అపరాధ పరిశోధక నవలలతో ఆ గ్రంథమాలకు పేరొచ్చింది. అవి పిల్లల కోసం రాసినవి కావు. కానీ పిల్లలు చదవకుండా ఎవరు ఆపగలరు!

అప్పటికి గంజాం మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఒడిశాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. మరి బరంపురంలో డిటెక్టివ్ నవలలేమిటి? రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి మాకు తోచిన కారణం రైలు. 1890ల చివరికల్లా ఈ తీరం వెంట రైలు నడిచింది. 1902 నుంచి మన వైపు లైను బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. కలకత్తాలో అప్పటికే ఈ రకం పుస్తకాలు జోరుగా సాగుతున్నాయి. ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ అనే పోలీసు ఉద్యోగి 1892 నుంచి 'దారోగార్ దప్తర్' పేరుతో నెలనెలా కేసుల కథలు అచ్చువేశాడు. ఆ తరవాత పాంచ్‌కడి దే నవలలు తెలుగులోకి వచ్చాయి. కలకత్తా సరుకు దక్షిణాదికి దిగాలంటే బరంపురం దాటే రావాలి కదా!

స్వాతంత్ర్యం వచ్చాక కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు వచ్చారు. 1970ల్లో మధుబాబు గారి షాడో వచ్చాడు. షాడోతో పాటు శ్రీకర్, బిందు, గంగారాం, పైన కులకర్ణి గారు. ఒక పుస్తకం అయిపోతే ఇంకోటి. ఊళ్ళో మన చుట్టాల కంటే వాళ్ళే మనకు దగ్గరగా ఉండేవాళ్ళు.

ఇప్పుడు మా సంగతి. మేమిద్దరం అన్నదమ్ములం. నాన్న మద్రాసు హార్బరులో పనికి వెళ్ళడంతో అక్కడే తమిళ మీడియంలో చదివాం. డిటెక్టివ్ అంటే మాకు తమిళ్‌వాణన్ గారి శంకర్‌లాల్. ఏటా వేసవి సెలవులకు మెయిల్లో బరంపురంలో దిగి, పొడంపేట చేరేవాళ్ళం. అక్కడ మాకు ముగ్గురు నేస్తాలు. ఇద్దరు ఒడియా బడిలో చదివేవాళ్ళు. మూడోవాడు ఇచ్ఛాపురంలో మేనమామ ఇంట్లో ఉండి తెలుగులో చదివాడు.

1975 వేసవి. బరంపురంలో అద్దె పుస్తకాల కొట్టు నుంచి రోజుకు పది పైసల లెక్కన షాడో నవల తెచ్చుకుని, ఒడ్డున పడవ నీడలో కూర్చునేవాళ్ళం. తలా ఒక అధ్యాయం పైకి చదవాలని నియమం. మా వంతు వచ్చేసరికి మా అన్నకు గొంతు నొప్పి, మాకు కళ్ళు మంట. ఒడియా బడి వాళ్ళలో ఒకడికి తలనొప్పి, ఇంకోడిని ఇంట్లో పిలిచేవాళ్ళు. చివరికి అన్నీ ఇచ్ఛాపురం వాడే చదివేవాడు. మాకు తెలుగు అక్షరం రాదన్నది మా అన్నదమ్ముల రహస్యం. అది బయటపడితే పరువు పోతుందని మా భయం.

ఒకరోజు ఇచ్ఛాపురం వాడికి జ్వరం వచ్చింది. నవల చివరి అధ్యాయం మిగిలింది. మర్నాడే పుస్తకం తిరిగి ఇచ్చెయ్యాలి. నలుగురం పుస్తకం మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఒకడు పక్కవాడికి ఇచ్చాడు, వాడు ఇంకొకడికి ఇచ్చాడు. పుస్తకం రెండు చుట్లు తిరిగింది. అప్పుడు ఒడియా బడి వాడు పకపకా నవ్వేసి, "ఏట్రా, మీకూ రాదేటి?" అన్నాడు. నలుగురిదీ ఒకటే రహస్యం! ఒకరి దగ్గర ఒకరం దాచుకుని రెండు వేసవులు గడిపేశాం.

ఇచ్ఛాపురం వాడు మంచంలోంచే ఒక కాగితం మీద అక్షరాలు, గుణింతాలు రాసిచ్చాడు. ఆ కాగితం పక్కన పెట్టుకుని, దొంగల సంకేత లిపి విప్పినట్టు, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని "గదిలో ఖూనీ" మా నోట "కదిలో కూనీ" అయ్యేది. ఒడియాలో ఆ నాలుగూ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి ఆ ఇద్దరూ మమ్మల్ని దిద్దారు. పదకొండు పేజీలకు మూడు రోజులు పట్టింది. అద్దె ముప్పై పైసలు అదనం. అమ్మ చేత తిట్లు వేరే. కానీ హంతకుడెవరో మేమే చదివి తెలుసుకున్నాం. ఈ రోజు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నామంటే ఆ పదకొండు పేజీల పుణ్యమే.

మొన్న పొడంపేట వెళ్ళాం. మేము కూర్చున్న ఒడ్డు ఇప్పుడు నీళ్ళలో ఉంది. సముద్రం కోసుకుంటూ వచ్చి పాత ఊరిని మింగేసింది, జనం లోపలికి జరిగి ఇళ్ళు కట్టుకున్నారు. ఇల్లు పోతే అందరికీ కనిపిస్తుంది. అక్షరం పోతే మాత్రం ఎవరికీ కనిపించదు, ఎందుకంటే దాన్ని ఎవరికి వారు దాచుకుంటారు.

మన గ్రూపునే చూడండి. తెలుగులో టైపు చేసేవాళ్ళు కొద్దిమంది. మిగతావాళ్ళు వాయిస్ పెడతారు, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. పొడుగు పోస్టు వస్తే చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఎవరినీ తప్పుపట్టడం లేదు. మాకు ఆ గొంతు నొప్పీ తెలుసు, ఆ కళ్ళ మంటా తెలుసు. బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో అయినప్పుడు ఇంటి భాష అక్షరం రాకపోవడం ఎవరి నేరమూ కాదు. దాచుకుంటేనే నష్టం.

అందుకని రెండు మాటలు. ఒకటి, ఆదివారం సాయంత్రం ఒక గంట పిల్లలం పెద్దలం కూర్చుని ఒక డిటెక్టివ్ నవల చదువుకుందాం. రానివాళ్ళు రాదని చెప్పి మరీ రావాలి. అక్షరాల కాగితం మేము రాసి తెస్తాం. చివరి అధ్యాయం మాత్రం ఎవరూ చదివి వినిపించరు, ఎవరికి వారే చదువుకోవాలి.

రెండు, బరంపురంలో పాత ఇళ్ళున్నవాళ్ళు అటక మీద ట్రంకు పెట్టెలు ఒకసారి దించి చూడండి. వేగుజుక్క గ్రంథమాల పేరున్న పుస్తకం అట్ట ఊడిపోయినా, చెదలు పట్టినా పారెయ్యకండి. ఒక్క ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. అది మన ఊళ్ళో తయారైన సరుకు.

ఇక ఆ నవల్లో హంతకుడెవరంటారా? ఆదివారం రండి.