కోడిపుంజు గుర్తు పార్టీ ఏమైపోయింది?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల మా హాస్టల్లో ఒక సీనియర్ అన్నకి ఒక పార్టీ వాళ్లు మండల యూత్ కమిటీలో పదవి ఇస్తామన్నారు. ఆ రాత్రి మెస్‌లో అన్నాలు తినడం అయిపోయినా ఎవరూ లేవలేదు, అదే చర్చ. లోపలికి వెళ్తేనే మనోళ్లకి ఏదైనా చేయగలం అని కొందరు, వెళ్తే వాళ్ల జెండా మోయడమే మిగులుతుంది అని కొందరు. మధ్యలో ఇంటర్ తమ్ముడొకడు, "అసలు ఆదివాసీలు సొంతంగా పార్టీ పెట్టి గెలిచింది ఎక్కడైనా ఉందా అన్నా?" అని అడిగాడు. ఎవరం చెప్పలేకపోయాం. డిగ్రీలో హిస్టరీ చదువుతున్న నాకు మాత్రం సిగ్గేసింది. అందుకే లైబ్రరీలో కూర్చుని చదివా. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా.

తమ్ముడూ, ఉంది. దాని పేరు జార్ఖండ్ పార్టీ.

ఇప్పటి జార్ఖండ్ అప్పట్లో బీహార్‌లో దక్షిణ భాగం. ఛోటానాగపూర్, సంతాల్ పరగణాలు అంటారు. ముండా, ఒరావ్, సంతాల్, హో తెగల నేల. బిర్సా ముండా పోరాడింది ఇక్కడే. ఆయన 1900లో రాంచీ జైల్లో చనిపోయాక, 1908లో ఛోటానాగపూర్ టెనెన్సీ చట్టం వచ్చింది. మనకి 1/70 ఎలాగో, వాళ్లకి అది అలాగ. ఆదివాసీ భూమి బయటివాళ్ల చేతికి పోకుండా ఆపాలని. కానీ ఆ నేల కింద బొగ్గు ఉంది, ఇనుము ఉంది. గనులొచ్చాయి, జంషెడ్‌పూర్‌లో ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది, వాటి వెనకే బయటి జనం వచ్చారు. మా రాష్ట్రం మాకు కావాలి అనే మాట ఈ పరిస్థితిలో పుట్టింది.

1938లో అక్కడి చిన్న చిన్న సంఘాలు కలిసి ఆదివాసీ మహాసభగా ఏర్పడ్డాయి. 1939 జనవరిలో రాంచీ సభకి జైపాల్ సింగ్ ముండాని పిలిచి అధ్యక్షుణ్ణి చేశారు. ఈయన ఖుంటీ దగ్గర టక్రా అనే ఊళ్లో పుట్టిన ముండా పిల్లాడు. మిషన్ స్కూల్లో చదివి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన హాకీ జట్టుకి ఆయనే కెప్టెన్. హాకీ ఆడడానికి సెలవు ఇవ్వలేదని ఐసీఎస్ కూడా వదిలేశాడు. స్కూల్లో మనకి ధ్యాన్‌చంద్ గురించి చెప్పారు, కెప్టెన్ గురించి ఎందుకు చెప్పలేదో మరి.

రాజ్యాంగ సభలో 1946 డిసెంబర్‌లో ఆయన లేచి, నేను జంగ్లీనని చెప్పుకోవడానికి సిగ్గుపడను అన్నాడు. ప్రజాస్వామ్యం ఎలా ఉండాలో ఆదివాసీలకి మీరు నేర్పడం కాదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి అనే అర్థంలో మాట్లాడాడు. మన ఊళ్లో పెద్దలు అందరినీ కూర్చోబెట్టి పంచాయితీ తెగేదాకా మాట్లాడతారు కదా, నాకు అదే గుర్తొచ్చింది. మమ్మల్ని వనజాతి అనొద్దు, ఆదివాసీ అనండి అని కూడా ఆయన గట్టిగా పట్టుబట్టాడు.

1948 జనవరి 1న ఖర్సవాన్‌లో జరిగింది కూడా మనం తెలుసుకోవాలి. సరాయికేలా, ఖర్సవాన్ అనే రెండు సంస్థానాలను ఒరిస్సాలో కలపడం ఇష్టం లేని ఆదివాసీలు సంత రోజున వేల మంది అక్కడ గుమిగూడారు. ఒరిస్సా పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం పదుల్లో చెప్పింది, జనం వందల్లో, వేలల్లో చెప్తారు. ఎంతమంది చనిపోయారో లెక్క ఈరోజుకీ తేలలేదు. అందుకే అక్కడ చాలామందికి జనవరి 1 పండగ కాదు, అమరుల దినం. ఆ ఏడాదే ఆ రెండు ప్రాంతాలనూ బీహార్‌లో కలిపారు.

మొదటి సాధారణ ఎన్నికలకు ముందే మహాసభ జార్ఖండ్ పార్టీగా మారింది. ఆదివాసీలు కానివాళ్లు కూడా చేరొచ్చు అన్నారు. ఎన్నికల గుర్తు కోడిపుంజు. మా నాన్నకి చదువు రాదు, ఇప్పటికీ గుర్తు చూసే ఓటేస్తాడు. కోడిపుంజు లేని ఆదివాసీ ఇల్లు ఎక్కడుంది చెప్పండి! 1952లో బీహార్ అసెంబ్లీలో ఈ పార్టీకి 32 సీట్లు వచ్చాయి. కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ ఇదే, ప్రతిపక్షం ఇదే. 1957లో కూడా 31 గెలిచింది.

మరి రాష్ట్రం ఎందుకు రాలేదు? 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ (మన ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు గురించి రాసిన కమిషనే) జార్ఖండ్ కుదరదని చెప్పింది. ఆ ప్రాంతంలో ఆదివాసీలు మూడో వంతు కంటే కొంచెమే ఎక్కువ అన్నారు. పార్టీకి అక్కడ మెజారిటీ రాలేదన్నారు. ఒకే భాష లేదన్నారు. గనులున్న భాగం పోతే బీహార్ ఆర్థికంగా దెబ్బతింటుందన్నారు. చదువుతుంటే నాకు కడుపు మండింది. ముందు గనుల పేరుతో బయటివాళ్లు వస్తారు, మనం తక్కువైపోతాం, తర్వాత మీరు తక్కువ ఉన్నారు కాబట్టి రాష్ట్రం లేదంటారు.

ఆ తర్వాత పార్టీ నీరసించింది. క్రైస్తవ ఆదివాసీ, క్రైస్తవేతర ఆదివాసీ అనే గొడవ లోపల పెరిగింది. 1962లో సీట్లు 20కి పడిపోయాయి. 1963 జూన్‌లో జైపాల్ సింగ్ పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశాడు. బీహార్ ప్రభుత్వంలో కొన్నాళ్లు మంత్రిగా ఉన్నాడు, అది ఎక్కువ కాలం నిలవలేదు. 1970లో చనిపోయేదాకా ఆయన ఎంపీ. రాష్ట్రం మాత్రం రాలేదు.

విలీనాన్ని పార్టీలో చాలామంది ఒప్పుకోలేదు. ఎన్.ఇ. హోరో లాంటివాళ్లు పాత పేరుతోనే మళ్లీ నిలబడ్డారు. 1971లో జైపాల్ సింగ్ సీటు ఖుంటీలో హోరో జార్ఖండ్ పార్టీ తరఫునే గెలిచాడు. కానీ అప్పటికే పార్టీ ముక్కలైపోయింది.

1970ల మొదట్లో ధన్‌బాద్ వైపు ముగ్గురు కలిశారు. శిబు సోరెన్ సంతాల్ కుర్రాడు, వాళ్ల నాన్నని 1957లో వడ్డీ వ్యాపారుల మనుషులు చంపేశారు. బినోద్ బిహారీ మహతో కుర్మీ లాయరు. ఎ.కె. రాయ్ బొగ్గు గని కార్మికుల నాయకుడు. వీళ్లు పెట్టిందే జార్ఖండ్ ముక్తి మోర్చా. వడ్డీవాళ్లు లాక్కున్న పొలాల్లో జనం గుంపుగా దిగి పంట కోసుకెళ్లారు. రాత్రి బళ్లు పెట్టారు, సారాకి వ్యతిరేకంగా పనిచేశారు.

మోర్చాకి కూడా మచ్చ ఉంది, దాచకూడదు. 1993లో పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై అవిశ్వాసం వచ్చినప్పుడు, డబ్బు తీసుకుని ప్రభుత్వం వైపు ఓటేశారని ఆ పార్టీ ఎంపీలపై కేసు నడిచింది. ఓటుకి లంచం తీసుకున్న ఎంపీకి రక్షణ ఉంటుందని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుని 2024లో ఏడుగురు జడ్జీల బెంచ్ కొట్టేసింది.

చివరికి 2000 నవంబర్ 15న, బిర్సా పుట్టినరోజున, రాష్ట్రం వచ్చింది. విలీనం జరిగిన 37 ఏళ్లకి. అది కూడా బీహార్‌లోని 18 జిల్లాలతోనే. బెంగాల్, ఒరిస్సా, మధ్యప్రదేశ్ భాగాలు అడిగినా రాలేదు. 2011 లెక్కల్లో ఆ రాష్ట్రంలో ఆదివాసీలు 26 శాతం. 2024 ఎన్నికల్లో మోర్చా 81కి 34 గెలిచింది, ముఖ్యమంత్రి శిబు సోరెన్ కొడుకు హేమంత్.

ఇదంతా చెప్పాక మా సీనియర్ అన్న అడిగాడు, "అయితే జైపాల్ సింగ్ చేసింది తప్పేనా?" అని. నేను వెంటనే చెప్పలేకపోయా. లోపలికి వెళ్లి సాధిద్దాం అనే అనుకున్నాడేమో. అన్న కూడా అదే అనుకుంటున్నాడు. నాకు అర్థమైంది ఒక్కటే. పెద్ద పార్టీలో చేరినప్పుడు ఆయన దగ్గర పదవి ఉంది, కానీ కాదు అని చెప్పే బలం బయటే ఉండిపోయింది. ఆ బలం 32 సీట్లది, ఆ సీట్ల వెనకున్న ఊళ్లది. తర్వాత పోరాటాన్ని నిలబెట్టింది కూడా పొలంలో దిగి పంట కోసిన ఆ ఊళ్లే.

మన దగ్గర ఆంధ్రలో 7, తెలంగాణలో 12 అసెంబ్లీ సీట్లు మనకి రిజర్వు. గెలిచేది మనోళ్లే. టికెట్టు ఇచ్చేది ఎవరు? జీవో మన ఊరికి వ్యతిరేకంగా వచ్చినప్పుడు వాళ్లు ఎవరి మాట వినాలి?

అన్నకి నేను చెప్పింది ఇదే. పదవి తీసుకో, వద్దనను. కానీ ముందు ఊరికి వెళ్లి పెద్దలందరినీ కూర్చోబెట్టి అడుగు. ఏ విషయంలో వెనక్కి రావాలో వాళ్ల చేతే చెప్పించుకో. అన్న ఇంకా ఏం తేల్చుకోలేదు. ఈ ఆదివారం ఊరికి వెళ్తున్నాడు.

తప్పులుంటే పెద్దలు సరిచేయండి. మీ ఊళ్లో అయితే ఏం చెప్పేవాళ్లో కింద రాయండి.

జై ఆదివాసీ.