చట్టం పుస్తకమూ, తుపాకీ: ఓక్లాండ్ వీధుల్లో బ్లాక్ పాంథర్లు (1966-67)

బ్లాక్ పాంథర్లు అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది ఒక ఫోటో. నల్ల టోపీ, తోలు కోటు, చేతిలో తుపాకీ. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్లు పెట్టుకున్నది వీళ్ల పేరే కాబట్టి ఆ ఫోటో మనకి పరాయిది కాదు. కానీ అందులో కనపడని సంగతి ఒకటుంది. ఆ తుపాకీ పట్టుకున్న కుర్రాళ్ల దగ్గర చట్టం పుస్తకం కూడా ఉండేది. ఆనాటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం, తుపాకీ పైకి కనిపించేలా పట్టుకుని వీధిలో నిలబడటం నేరం కాదు. చట్టానికి లోబడి చేసిన పనిని ఆపడానికి రాజ్యం చివరికి చట్టాన్నే మార్చుకోవాల్సొచ్చింది. 'సాయుధ పోరాటం' అనే పెద్ద మాట కింద ఈ చరిత్ర మరుగున పడిపోయింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కథ ఓక్లాండ్‌లో మొదలవలేదు. 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: నల్లవాళ్లు ఈ దేశ పౌరులు కారు, కాలేరు. ప్రధాన న్యాయమూర్తి టేనీ దానికి చూపిన కారణాల్లో ఒకటి గమనించాలి. వీళ్లని పౌరులుగా ఒప్పుకుంటే ఎక్కడికి పడితే అక్కడికి ఆయుధాలు పట్టుకుని తిరిగే హక్కు కూడా ఇవ్వాల్సొస్తుందని ఆయన భయం. అంటే పౌరసత్వం అన్నా ఆయుధం అన్నా ఆ న్యాయమూర్తి దృష్టిలో ఒకటే. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక మిసిసిపీ రాష్ట్రం 1865లో చేసిన చట్టాల్లో, లైసెన్సు లేకుండా నల్లవాళ్లు తుపాకీ గానీ మందుగుండు గానీ పెద్ద కత్తి గానీ ఉంచుకోకూడదని రాసుకున్నారు. ఆ లైసెన్సు ఇచ్చేది కౌంటీ బోర్డు. బోర్డులో కూర్చునేది నిన్నటి యజమానులు. 1868లో 14వ సవరణ వచ్చి అందరికీ సమాన రక్షణ అన్నది. కాగితం మీద.

మన దేశంలో 1878 ఆయుధాల చట్టం కూడా ఇదే వరసలో నడిచింది. భారతీయులకి లైసెన్సు కావాలి, తెల్లవాళ్లకి మినహాయింపు. జాతీయ నాయకులు దీన్ని జాతికే అవమానమన్నారు, నిజమే. అయితే లైసెన్సు ఇచ్చే అధికారి ముందు నిలబడగలిగే భారతీయుడు ఎవడు, నిలబడలేని వాడు ఎవడు అన్న ప్రశ్న వాళ్లెవరూ వేయలేదు. భూమీ పరపతీ ఉన్నవాడి ఇంట్లో గోడకి తుపాకీ వేలాడుతుంది, వాడలో ఉన్నవాడికి కర్ర కూడా నేరమే.

ఇక ఓక్లాండ్ సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో ఓడల తయారీ పనికోసం లూసియానా, టెక్సాస్ లాంటి దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు వేలాదిగా అక్కడికి వలసపోయాయి. హ్యూయ్ న్యూటన్ 1942లో లూసియానాలో పుట్టాడు, బాబీ సీల్ 1936లో టెక్సాస్‌లో. ఇద్దరూ ఓక్లాండ్‌లోని మెరిట్ కాలేజీలో కలుసుకున్నారు. యుద్ధం అయ్యాక పనులు పోయాయి, మిగిలింది పోలీసులు. ఆ పోలీసు శాఖలో నల్లవాళ్లు చాలా కొద్దిమంది. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేట తగలబడింది, 34 మంది చచ్చిపోయారు. ఆ తర్వాత వాట్స్ జనం ఒక పని మొదలుపెట్టారు. కార్లలో పోలీసుల వెంట తిరుగుతూ వాళ్లేం చేస్తున్నారో రాసుకోవడం. చేతిలో నోటు పుస్తకం, కెమెరా. ఆయుధం లేదు. న్యూటన్ ఈ పద్ధతినే తీసుకుని దానికి తుపాకీ జోడించాడు.

1966 అక్టోబరులో పార్టీ పెట్టినప్పుడు దాని పూర్తి పేరు ఆత్మరక్షణ కోసం బ్లాక్ పాంథర్ పార్టీ. చిహ్నం అలబామాలోని లౌండెస్ కౌంటీలో నల్లజాతి ఓటర్లు పెట్టుకున్న పార్టీది. పది అంశాల కార్యక్రమంలో ఏడోది పోలీసు దౌర్జన్యం గురించి. డబ్బులెలా వచ్చాయంటే, మావో ఎర్రపుస్తకాలు 30 సెంట్లకి కొని, బర్కిలీ విశ్వవిద్యాలయం విద్యార్థులకి డాలరుకి అమ్మారు. ఆ లాభంతో షాట్‌గన్లు కొన్నారు. మన దగ్గర ఎర్రపుస్తకం చదివి అడవికి పోయినవాళ్లున్నారు, వీళ్లు మాత్రం ముందు దాన్ని అమ్మారు, చదవడం తర్వాత. మొదటి తుపాకుల్లో కొన్ని ఇచ్చింది రిచర్డ్ అవోకీ అనే జపనీస్ అమెరికన్. ఆయన ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చేవాడని 2012లో పత్రాలు బయటికొచ్చాయి, ఆయన మిత్రులు కొందరు ఇప్పటికీ ఒప్పుకోరు. ఉద్యమంలో మన పక్కన కూర్చున్నవాడు ఎవడో అన్న అనుమానం ఎంత పాతదో చెప్పడానికే ఇది రాశాను.

గస్తీ ఎలా సాగేదో చూడాలి. రాత్రిళ్లు కారులో ముగ్గురో నలుగురో పోలీసు బండి వెనకాల వెళ్తారు. పోలీసు ఎవరినైనా ఆపితే వీళ్లూ ఆగుతారు. దిగి, పనికి అడ్డం రానంత దూరంలో నిలబడతారు. తుపాకీ మూతి ఆకాశం వైపో నేల వైపో ఉండాలి, మనిషి వైపు తిరిగితే నేరం. పిస్టల్ అయితే దాచకూడదు, చొక్కా కింద పెడితే నేరం. రైఫిల్, షాట్‌గన్ కారులో ఉన్నప్పుడు గొట్టంలో తూటా ఉండకూడదు, ఆ నిబంధన వేట చట్టంలోది. న్యూటన్‌కి పాత కేసులో శిక్షపడి ప్రొబేషన్ మీద ఉన్నాడు, అందుకని పిస్టల్ ముట్టడు, షాట్‌గన్ పట్టుకుంటాడు. పిస్టల్ సీల్ దగ్గర ఉండేది. ఇంత సూక్ష్మంగా చదివి పెట్టుకున్నారు. ఆపబడ్డ మనిషికి గట్టిగా వినపడేలా చెబుతారు: నువ్వు మాట్లాడక్కర్లేదు, నీకు వకీలు కావాలని అడుగు. అరెస్టు చేస్తే స్టేషను దాకా వెళ్లి బెయిలు కడతారు.

1967 మొదట్లో గ్రోవ్ స్ట్రీట్ ఆఫీసు దగ్గరే పోలీసులు వీళ్ల కారు ఆపారు. తుపాకీ ఇటివ్వమన్నారు. న్యూటన్ ఇవ్వలేదు. పేరూ అడ్రసూ చెప్పాడు, అంతకుమించి చెప్పనన్నాడు. నన్ను అరెస్టు చేస్తున్నారా, చేస్తే ఏ సెక్షను కింద అని ఎదురడిగాడు. చుట్టూ జనం పోగయ్యారు. పోలీసులు వాళ్లని పొమ్మంటే, ఇది వీధి, చూసే హక్కు మీకుంది, నిలబడండి అన్నాడు. చివరికి పోలీసులే వెళ్లిపోయారు. ఆ తర్వాతే ఆ పేట కుర్రాళ్లు పార్టీలో చేరడం మొదలైంది. పోలీసుని చూస్తే తల దించుకుని పక్కకి తప్పుకోవడం పుట్టుకతో నేర్చుకున్న జనానికి, ఒక నల్లవాడు పోలీసుని సెక్షను అడగటం అనేది ఎలాంటి దృశ్యమో మనకి వేరే చెప్పక్కర్లేదు. స్టేషన్లో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డ తాతలున్న వాళ్లం.

1967 ఏప్రిల్ 1న ఉత్తర రిచ్‌మండ్‌లో 22 ఏళ్ల డెంజిల్ డోవెల్‌ని షెరీఫ్ మనిషి కాల్చి చంపాడు. న్యాయసమ్మతమైన హత్య అని తేల్చేశారు. కుటుంబం పాంథర్ల దగ్గరికి వచ్చింది. ఆ పేటలో తుపాకులతో సభలు జరిగాయి, పోలీసులు దూరం నుంచి చూస్తూ ఉండిపోయారు. పార్టీ పత్రిక మొదటి సంచిక ఏప్రిల్ 25న వచ్చింది ఈ హత్య మీదే.

అప్పటికే ఆ ప్రాంతానికి చెందిన రిపబ్లికన్ శాసనసభ్యుడు డాన్ మల్‌ఫోర్డ్ బిల్లు పెట్టాడు. తూటాలు నింపిన తుపాకీ ఊళ్లో బహిరంగంగా పట్టుకోవడం నేరం. ఎవరి కోసమో అందరికీ తెలుసు, బిల్లులో ఆ పేరు మాత్రం ఉండదు. మే 2న ముప్ఫై మంది, అందులో ఆరుగురు స్త్రీలు, శాక్రమెంటో శాసనసభకి వెళ్లారు. న్యూటన్ వెనక ఉండిపోయాడు, సీల్ ముందు నడిచాడు. గవర్నర్ రోనాల్డ్ రేగన్ ఆ సమయానికి బయట పచ్చికలో బడిపిల్లలతో ఉన్నాడు. వీళ్లు దారి తప్పి, ప్రేక్షకుల గ్యాలరీకి బదులు సభలోపలికే వెళ్లారు. సీల్ విలేఖరుల ముందు ప్రకటన చదివాడు. తిరిగొస్తుంటే పెట్రోలు బంకు దగ్గర అరెస్టు చేశారు. సీల్ ఆ కేసులో కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. జూలై 28న రేగన్ బిల్లు మీద సంతకం పెట్టాడు. పౌరుడు వీధిలో నిండు తుపాకీ పట్టుకు తిరగడానికి కారణమేమీ కనపడటం లేదన్నాడు. తుపాకీ హక్కుల గురించి దేశమంతా గగ్గోలు పెట్టే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ కూడా ఆ బిల్లుని సమర్థించింది. ఆ తర్వాత పదమూడేళ్లకి అదే సంఘం మద్దతుతో అదే రేగన్ దేశాధ్యక్షుడయ్యాడు.

ఇక్కడ మనం నిజాయితీగా లెక్క చూసుకోవాలి. గస్తీలు సాగింది ఏడాది కూడా కాదు. 1967 అక్టోబరు 28న తెల్లవారుజామున న్యూటన్ కారుని ఆపారు, కాల్పుల్లో జాన్ ఫ్రే అనే పోలీసు చనిపోయాడు, న్యూటన్ కడుపులో తూటా దిగింది. శిక్ష పడింది, 1970లో అప్పీలు కోర్టు కొట్టేసింది. 1968 ఏప్రిల్ 6న, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన రెండు రోజులకి, పార్టీలో మొట్టమొదట చేరిన బాబీ హటన్‌ని ఓక్లాండ్ పోలీసులు కాల్చి చంపారు. వయసు 17. 1969 డిసెంబరు 4న చికాగోలో ఫ్రెడ్ హాంప్టన్‌ని మంచం మీదే చంపారు, వయసు 21. తుపాకీ పోలీసుని కొన్ని నెలలు ఆపింది, తర్వాత అదే పోలీసుకి సాకు అయింది. తుపాకీని మగతనానికి గుర్తుగా పెట్టుకోవడం వల్ల పార్టీలోని స్త్రీలు ఏం పడ్డారో వాళ్లే తర్వాత రాశారు. న్యూటన్ చివరి రోజులు మత్తుమందుల్లో గడిచాయి, 1989లో ఓక్లాండ్ వీధిలోనే హత్యకి గురయ్యాడు. మరోపక్క 1969 జనవరిలో ఒక చర్చిలో మొదలైన పిల్లల ఉచిత టిఫిను కార్యక్రమం దేశమంతా పాకింది. దాన్ని ఎలాగైనా ఆపాలని ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ తన కార్యాలయాలకి రాశాడు. తుపాకుల్ని చట్టంతో ఆపారు సరే, టిఫినుకి చట్టం ఎలా చేస్తారు?

చట్టం అందరిదీ అని రాసి ఉన్న రాష్ట్రాల్లో కూడా అది ఎవరి ఒంటి రంగు మీద ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఈ మధ్య కాలం చాలు. ఒహాయోలో పైకి కనిపించేలా తుపాకీ పట్టుకోవడం చట్టబద్ధం. అక్కడే 2014లో 22 ఏళ్ల జాన్ క్రాఫర్డ్‌ని దుకాణంలో అమ్మకానికి పెట్టిన గాలి తుపాకీ చేతిలో ఉందని చంపారు, 12 ఏళ్ల తమీర్ రైస్‌ని బొమ్మ తుపాకీ ఉందని చంపారు. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ తన దగ్గర లైసెన్సు తుపాకీ ఉందని పోలీసుకి తనే మర్యాదగా చెప్పాడు. చెప్పిన కొన్ని క్షణాల్లో కాల్చాడు. 2017లో ఆ పోలీసుని నిర్దోషి అన్నారు. చదువుకోవడానికి అక్కడికెళ్లిన మన పిల్లలకి ముందెళ్లినవాళ్లు మొట్టమొదట చెప్పేది, పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద పెట్టి కదలకుండా కూచోమని.

మన దగ్గర దళిత్ పాంథర్లు తుపాకీ పట్టలేదు, 1959 ఆయుధాల చట్టం కింద పట్టే వీలూ లేదు. 1974 జనవరిలో వర్లిలో దాడి జరిగినప్పుడు వాళ్ల దగ్గర ఉన్నది నోరూ కలమూ. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు గానీ, 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిది మందిని వెంటాడి నరికినప్పుడు గానీ వాడకి రక్షణగా ఎవరూ లేరు. చుండూరులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది.

చాలామంది కార్యకర్తలకి కూడా తెలియనిది ఒకటుంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో మూడోది చదవండి. అత్యాచారాలు జరిగే అవకాశం ఉందని గుర్తించిన ప్రాంతంలో, అవసరమనుకుంటే, ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల ఆయుధాల లైసెన్సులు రద్దుచేసి తుపాకులు ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. వాళ్ల దగ్గరి బంధువులవి, నౌకర్లవి, మిత్రులవి కూడా. అక్రమ తుపాకులు స్వాధీనం చేసుకోవాలి. ప్రాణానికీ ఆస్తికీ భద్రత కోసం, అవసరమనుకుంటే, ఎస్సీ, ఎస్టీలకి లైసెన్సులు ఇవ్వాలి. ఈ చివరి వాక్యం రాసినవాళ్లు ఎవరోగానీ, టేనీకి వచ్చిన భయం వాళ్లకి రాలేదు. 'అవసరమనుకుంటే' అన్న మాట మాత్రం ఉంది, ఆ అనుకోవడం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. వాడకి తుపాకీ కావాలా వద్దా అన్నది మనలో మనం తేల్చుకోవాల్సిన చర్చ, నాకు దాని మీద అనుమానాలున్నాయి, పైన రాసిన ఓక్లాండ్ లెక్క వల్లే. ఊళ్లో గోడకి వేలాడే తుపాకీ సంగతి అలా కాదు. గుర్తించిన ప్రాంతాల్లో ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు, ఎన్ని తుపాకులు జమ చేయించారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో ప్రతి జిల్లా కలెక్టరునీ అడగొచ్చు.