డెస్క్‌టాప్‌కు వైఫై వచ్చిన దారి

కంప్యూటర్లను రేడియో తరంగాలతో కలిపిన తొలి పెద్ద ప్రయత్నం 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో జరిగింది. దీవుల మధ్య తీగలు వేయడం కష్టం కనుక నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్‌ను నిర్మించింది. అయితే మామూలు ఆఫీసులకు ఆ వీలు దక్కాలంటే ముందు చట్టం మారాలి. 1985లో అమెరికా ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్‌తో సహా కొన్ని బ్యాండ్లను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది.

దాన్ని ముందుగా అందిపుచ్చుకున్నవాటిలో క్యాష్ రిజిస్టర్ల కంపెనీ ఎన్‌సీఆర్ ఒకటి. దుకాణంలో కౌంటర్లు జరిపినప్పుడల్లా కేబుళ్లు మళ్లీ వేయాల్సి రావడం దాని ఖాతాదారులకు పెద్ద తలనొప్పి. నెదర్లాండ్స్‌లోని దాని ఇంజనీర్లు తయారుచేసిన వేవ్‌ల్యాన్ 1990 ప్రాంతంలో మార్కెట్‌కు వచ్చింది. అది డెస్క్‌టాప్ ఐఎస్ఏ స్లాటులో బిగించే కార్డు, వేగం సెకనుకు 2 మెగాబిట్లు. అంటే వైర్‌లెస్ కార్డు మొదట వచ్చింది బల్ల మీది కంప్యూటర్‌కే. ఇప్పుడు చాలామందికి ఇది వింతగా తోస్తుంది.

1997లో వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం, 1999లో 11 మెగాబిట్ల 802.11బి వచ్చేసరికి తయారీదారుల చూపు ల్యాప్‌టాప్ మీదికి మళ్లింది. డెస్క్‌టాప్ వాడేవారు ల్యాప్‌టాప్ పీసీ కార్డునే కొని, దాన్ని పీసీఐ అడాప్టర్‌లో దూర్చి వాడుకున్నారు. కార్డు చివర ఉండే యాంటెనా క్యాబినెట్ వెనక, గోడకూ ఇనుప రేకుకూ మధ్య ఇరుక్కునేది. సిగ్నల్ అందకపోవడంలో ఆశ్చర్యమేముంది? తర్వాతి పీసీఐ కార్డులకు మర తిప్పి ఊడదీసే యాంటెనాలు వచ్చాయి. కేబుల్‌తో యాంటెనాను బల్ల మీదికి తెచ్చుకునే వీలు అలా కలిగింది.

యూఎస్‌బీ డాంగిల్ వచ్చాక క్యాబినెట్ విప్పే పనే తప్పింది. కానీ పాత యూఎస్‌బీ 1.1 పోర్టు వేగం 12 మెగాబిట్లే. 2003లో వచ్చిన 54 మెగాబిట్ల 802.11జి డాంగిల్‌ను అందులో పెడితే పని చేసేది గానీ పూర్తి వేగం వచ్చేది కాదు. యూఎస్‌బీ 2.0 కార్డు వేరే కొని వేసుకోవాల్సి వచ్చేది.

అమెరికాలో 1985లో దొరికిన అనుమతి లాంటిదే భారత్‌లోనూ వచ్చింది: 2005 జనవరి నోటిఫికేషన్‌తో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలను ఇంటి లోపలా బయటా లైసెన్సు లేకుండా వాడే వీలు కలిగింది.

పాత యంత్రాలకు పోర్టు వేగంతోపాటు సాఫ్ట్‌వేర్ మరో అడ్డంకి. విండోస్ 98లో ఏ కార్డుకు ఆ కంపెనీ ప్రోగ్రామే దిక్కు. వైర్‌లెస్ సెట్టింగులు విండోస్‌లోనే కలిసి వచ్చింది 2001 నాటి ఎక్స్‌పీతో. అదే ఏడు, వైఫై సంకేతాలను ఇతరులు చదవకుండా కాపాడే డబ్ల్యూఈపీ పద్ధతిలోని లోపం బయటపడింది. 2004లో మరింత గట్టి రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ2 వచ్చాక, డబ్ల్యూఈపీ మాత్రమే తెలిసిన కార్డులు చెడిపోకున్నా కొత్త రౌటర్లకు కలవక మూలపడ్డాయి.

ఇప్పటి మదర్‌బోర్డుల్లో చాలావాటికి ఎం.2 స్లాటులో వైఫై కార్డు బిగించే వస్తోంది. అదీ ల్యాప్‌టాప్ కార్డే. ఆ స్లాటు లేని యంత్రాల కోసం అదే కార్డును పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డు మీద అమర్చి, యాంటెనాలతో అమ్ముతారు. అందులోని బ్లూటూత్ కూడా పనిచేయాలంటే మాత్రం, ఆ బోర్డు నుంచి మదర్‌బోర్డు మీది యూఎస్‌బీ పిన్నులకు ఓ చిన్న కేబుల్ విడిగా కలపాలి.