గెలవకుండనే పేరు తెచ్చుకున్న డ్రైవర్: హినో బండి సుగావరా

ఇయ్యాల శుక్రవారం, డ్యూటీ లేదు. అందుకే జర పెద్దగ రాస్తున్నం. చాయ్ పెట్టుకొని చదవండి.

2023 జనవరి 15 యాదికున్నదా? ఊర్లె సంక్రాంతి. ఇక్కడ ఆదివారం అంటే పని దినమే కాబట్టి మేం సైట్ మీదనే ఉన్నం. ఆ రోజే మన పక్కన దమ్మామ్‌ల డాకర్ ర్యాలీ ముగిసింది. డిసెంబర్ 31న ఎర్ర సముద్రం ఒడ్డున యాన్బూ దిక్కు మొదలైన బండ్లు, రుబ్ అల్ ఖాలీ ఇసుక తొక్కి, హఫూఫ్ మీదుగ ఇటు గల్ఫ్ ఒడ్డుకు చేరినయి. కార్లల్ల ఖతర్ డ్రైవర్ నాసర్ అల్ అతియా గెలిచిండు. బైకుల్ల అర్జెంటీనా పిలగాడు కెవిన్ బెనవిదెస్ 43 సెకన్ల తేడాతోని గెలిచిండు. రెండు వారాలు తోలితే తేడా 43 సెకన్లు!

రాత్రి రూముల అందరు ఫోన్లల్ల కార్లు, బైకులు చూస్తుంటే మా కండ్లు లారీల మీద పడ్డయి. ఎందుకంటే అండ్ల హినో ఉన్నది. సైట్ మీద రోజూ చూసే కంపెనీ బండే. దాన్ని తోలింది తెరుహితో సుగావరా. ఆయన ఎవరని వెతుకుతుంటే వాళ్ల నాయన కథ దొరికింది. ఆ నాయన పేరు యోషిమాసా సుగావరా. ఈ పోస్టు ఆయన గురించే.

ముందు ఈ ర్యాలీ ఎట్ల పుట్టిందో చూద్దాం. 1977ల తియెరీ సబీన్ అనే ఫ్రెంచ్ మనిషి ఇంకో ర్యాలీల బైకు నడుపుకుంట లిబియా ఎడారిల దారి తప్పిండు. ప్రాణం పోయేదే, బతికి బయటపడ్డడు. ఇంకొకరైతే మళ్లీ ఎడారి పేరెత్తరు. ఆయన మాత్రం 1978 డిసెంబర్ 26న పారిస్ నుంచి సెనెగల్ దేశంల ఉన్న డాకర్ పట్నం దాకా పోటీ పెట్టిండు. 1986 జనవరి 14న అదే ర్యాలీల, మాలి దేశంల హెలికాప్టర్ కూలి చనిపోయిండు. పోటీ మాత్రం ఆగలే.

యోషిమాసా సుగావరా 1941ల జపాన్‌ల హొక్కైదో దీవిల, ఒతారు అనే ఊర్లె పుట్టిండు. 1983ల మొదటిసారి డాకర్‌కు పోయిండు, అదీ బైకు మీద. అప్పటికి ఆయనకు 41 ఏండ్లు. మన దగ్గర నలభై దాటంగనే "ఇగ మనతోని ఏమైతది" అంటం. ఆయన లెక్క అక్కడ మొదలైంది. తర్వాత కారు తోలిండు. ఆఖరికి లారీకి వచ్చి, పేరంత లారీల మీదనే తెచ్చుకున్నడు.

హినో కంపెనీ 1991ల డాకర్‌ల దిగింది. అప్పుడు అక్కడ కమాజ్, తత్రా లాంటి పెద్ద పెద్ద ఇంజన్ల బండ్లుండేటివి. హినో ఇంజన్ 10 లీటర్ల లోపుది. చిన్న ఇంజన్ బండికి ఏం లాభమంటరా? మెత్తటి ఇసుకల బరువు బండి తొందరగ కూరుకుంటది. తేలిక బండి టైర్లల్ల గాలి తగ్గించుకొని మెల్లగ బయటపడ్తది. మా పికప్ డ్రైవర్లు ఇసుక దారిల చేసేది కూడ ఇదే, గాలి తీసి పోతరు, తారు రోడ్డెక్కినంక మళ్లీ కొట్టిస్తరు. కానీ గట్టి నేల మీద, ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద ఇంజన్‌తోని చిన్న ఇంజన్ సరితూగదు. ఆయన ప్రతి ఏడు ఆ తేడాతోనే పోటీకి దిగిండు.

1997ల లారీల పోటీల మొదటి మూడు స్థానాలు హినోవే. ఫస్ట్ వచ్చింది ఆస్ట్రియా డ్రైవర్ పీటర్ రైఫ్, సుగావరాది రెండోది. అదే ఏడు కార్లల్ల షినోజుకా కెంజిరో మిత్సుబిషి పజెరో మీద గెలిచి, డాకర్ గెలిచిన మొదటి జపాన్ మనిషి అయిండు. 2002, 2003ల మసువోకా హిరోషి వరుసగ గెలిచిండు. సుగావరాకు మాత్రం లారీలల్ల మొత్తం మీద మొదటి స్థానం ఒక్కసారి కూడ రాలే.

అయితే ఆయన పేరు నిలిచింది వేరే లెక్కల. 1989 నుంచి 2009 దాకా వరుసగ 20 సార్లు ఆఖరు గీత దాటిండు. నడుమ 2008ల భద్రత భయంతోని ర్యాలీనే రద్దయింది. 2009ల పోటీ ఆఫ్రికా విడిచి దక్షిణ అమెరికాకు పోతే ఆయనా అటే పోయిండు. 2019ల పెరూల దిగింది ఆయన వరుసగ 36వ పోటీ. అప్పటికి 77 ఏండ్లు. ఆ తర్వాత డాకర్ విడిచిండు. 2020ల ర్యాలీ సౌదీకి వచ్చేసరికి కొడుకు తెరుహితో హినో తోలి 10 లీటర్ల లోపు తరగతిల ఫస్ట్ వచ్చిండు. ఆ కొడుకు మొదలు నాయన బండిల పక్క సీట్ల కూసొని పని నేర్చుకున్నోడే.

ఈ కథ ఇప్పుడెందుకు రాసినమంటే, మా క్యాంపుల ఒక మేస్త్రి కాకా ఉన్నడు. పేరు రాయం. మాకు లెవల్ పట్టుడు, కాలం నిలబెట్టుడు నేర్పింది ఆయనే. వచ్చే నెల ఫైనల్ ఎగ్జిట్ మీద పోతున్నడు. మొన్న మెస్సుల ఒక పిలగాడు నవ్వుకుంట, "ఇన్నేండ్లుండి ఏం గెలిచినవ్ కాకా?" అన్నడు. కాకా ఏం మాట్లాడలే. పళ్లెం కడుక్కొని పోయిండు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలే.

సుగావరాకూ మనకూ పోలిక పెడితే తప్పే, మాకు తెలుసు. ఆయన ఇష్టంతోని ఎడారికి పోయిండు, మనం అప్పుతోని వచ్చినం. ఆయనకు కంపెనీ, మెకానిక్కులు తోడున్నరు. కాకాకు ఆ తోడు లేదు, పోయిన కంపెనీల జీతం ఆగినప్పుడు అడిగినోళ్లు కూడ లేరు. కానీ ఒక్క ముచ్చట మాత్రం పోలుతది. గెలిచిన సాలు ఒక్కటి లేకున్నా, ఆ జపాన్ ముసలాయన చేరిన సార్లు లెక్కపెట్టి లోకం గౌరవించింది. కాకా బిడ్డల పెండ్లిళ్లు చేసిండు, అప్పు తీర్చిండు, కాళ్లు చేతులు మంచిగుండంగ ఇంటికి చేరుతున్నడు. మరి దీన్ని లెక్కపెట్టేదెవరు?

మేమే పెడ్తం. వచ్చే శుక్రవారం కాకాకు రూముల దావత్. ఆ పిలగాడే బిర్యానీ వండుతనన్నడు. దమ్మామ్, ఖోబర్ దిక్కున్న మనోళ్లు, కాకా చేతి కింద పని నేర్చుకున్నోళ్లు, అందరు రండి.