నాంపల్లి నుంచి కింగ్ కోఠీ దాకా: నిజాం ఆస్తి కథ రైతుకెందుకు?



రోడ్డుకో కాలువకో భూమి పోయి పరిహారం వచ్చిన ఇళ్లు మన మండలాల్లో ఇప్పుడు చాలా ఉన్నయి. ఎకరమో అరెకరమో అమ్మి బ్యాంకులో వేసుకున్న ఇళ్లూ ఉన్నయి. పెద్దాయన బతికున్నన్ని రోజులు అంతా మంచిగనే ఉంటది. ఆయన కన్నుమూసినంక పెద్దకర్మ కాకముందే లొల్లి మొదలైతది. "నాకే ఇస్తనని నోటితోని చెప్పిండు" అని ఒకరు, "నామినీని నేను" అని ఇంకొకరు, "నేను ఆడబిడ్డను, నా వాటా ఏది" అని మరొకరు.

ఈ లొల్లి పేదోళ్ల ఇళ్లల్లోనే ఉంటదనుకోకండి. ప్రపంచంలోనే పెద్ద ధనవంతుడని పేరు మోసిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ డబ్బు లండన్ బ్యాంకులో ఇరుక్కుంటే, అది ఎవరిదో తేలడానికి 71 ఏండ్లు పట్టింది. అదే నిజాం పద్ధతిగా కాగితం రాసి పెట్టిన ఆస్తులు వేరే దారిలో నడిచినయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మన పొలం కాగితాలకు పనికొచ్చే సంగతులు దొరుకుతయి. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

ముందు ఆ చోటు సంగతి. నాంపల్లి రైల్వే స్టేషన్ 1907 నాటిది. స్టేషన్ ముంగటి రోడ్డు పట్టుకొని అబిడ్స్ దిక్కు నడిస్తే భూపరిపాలన ప్రధాన కమిషనర్ ఆఫీసు వస్తది. మన పాసుబుక్కు, మ్యుటేషన్ పనులకు పై ఆఫీసు అదే. మొజంజాహీ మార్కెట్ దగ్గర రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ పెద్దాఫీసు. ఆ మార్కెట్ 1935లో కట్టింది, నిజాం రెండో కొడుకు పేరు పెట్టిండ్రు. అబిడ్స్ అన్న పేరేమో ఆరో నిజాం దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన అక్కడ నడిపిన దుకాణం నుంచి వచ్చింది. ఇంకా ముందుకు పోతే గన్‌ఫౌండ్రీ. 1795లో ఫ్రెంచి సేనాని రేమాండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు. ఆ గన్‌ఫౌండ్రీలోనే 1942 ఏప్రిల్ 5న హైదరాబాద్ స్టేట్ బ్యాంకు మొదటి బ్రాంచి తెరిచిండ్రు. అదే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. అక్కడికి దగ్గర్లోనే నిజాం ఉన్న కింగ్ కోఠీ. అంటే భూమి కాగితం, స్టాంపు కాగితం, బ్యాంకు, రాజు ఇల్లు అన్నీ నడక దూరంలోనే.

ఇప్పుడు అసలు కథ. మన తాతల నోట "సర్ఫేఖాస్" అన్న మాట వినే ఉంటరు. నిజాం రాజ్యంలో భూములు మూడు తీర్లు. సర్కారు భూములు దివానీ, జాగీర్దార్లవి జాగీర్లు, నిజాం సొంత ఖర్చుల కోసం ఉన్నవి సర్ఫేఖాస్. అంటే రాజుకు కూడా "సర్కారుది వేరు, నాది వేరు" అన్న లెక్క ఉండేది. 1949లో సర్ఫేఖాస్‌ను సర్కారులో కలిపేసిండ్రు. అదే ఏడు ఆగస్టు 15న జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. సర్ఫేఖాస్ పోయినందుకు నిజాంకు ఏటా 25 లక్షల రూపాయల పరిహారం ఒప్పుకున్నరు. రాజభరణం అయితే ఏటా 50 లక్షలు.

ఇక్కడ ఒకటి గమనించండి. పరిహారం అంటే పోయిన భూమికి బదులు వచ్చిన పైకం. భూమి ఏటా పంట ఇస్తది, పైకం ఖర్చు పెడితే పోతది. రాజభరణం కూడా శాశ్వతం కాలేదు. 1967 ఫిబ్రవరి 24న నిజాం చనిపోయినంక మనుమడు ముకర్రం జాకు ఇచ్చింది ఏటా 20 లక్షలే. 1971 చివర్న రాజ్యాంగ సవరణతో దేశంలో రాజభరణాలన్నీ రద్దయినయి. సర్కారు మాట ఇచ్చింది, కాగితం రాసింది, అయినా కాలం మారింది.

నిజాం ముందుచూపు ఎక్కడుందంటే, 1950 మే నెలలో ఫ్యామిలీ ట్రస్టు అని ఒకటి పెట్టిండు. 9 కోట్ల రూపాయల సర్కారు బాండ్లు అందులో వేసి, ఆ మొత్తాన్ని లెక్క కోసం 175 భాగాలు చేసి, బంధువుల్లో ఎవరికి ఎన్ని భాగాలో పట్టిక రాయించిండు. నగలకు 1951లో వేరే ట్రస్టు రాసిండు. ట్రస్టు అంటే ఏం లేదు, ఆస్తిని నమ్మకస్తుల చేతిలో పెట్టి "రాబడి వీళ్లకు, ఆఖర్న అసలు ఫలానావాళ్లకు" అని బతికుండగానే రాసిచ్చుడు. ముస్లిం ధర్మశాస్త్రంలో మిగతా వారసులు ఒప్పుకోకుంటే మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు. కానీ బతికుండగా ఇచ్చేదానికి ఆ హద్దు లేదు. 

వాళ్లకు కోర్టు కేసులు రాలేదా అంటే వచ్చినయి. సంపద పన్ను ఎట్ల లెక్కగట్టాలన్న తగాదా 1977లో సుప్రీంకోర్టు దాకా పోయింది. నగలను అమ్మబోతే ఏండ్ల తరబడి వ్యాజ్యం నడిచింది, ఆఖరికి 1995లో భారత ప్రభుత్వమే 218 కోట్లకు కొన్నది. కానీ ఆ కేసుల్లో ప్రశ్న "పన్ను ఎంత, ధర ఎంత" అన్నదే. ఆస్తి ట్రస్టుదన్న సంగతి కాగితం మీద ఉన్నది.

లండన్ డబ్బు కథ వేరు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగిన రోజులవి. లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ బ్యాంకులో హైదరాబాద్ సర్కారు పేరు మీద డబ్బుండేది. అందులోంచి 10,07,940 పౌండ్లు ఆ నెల 20న అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా ఖాతాలోకి పోయినయి. పంపినవాడు నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. కొన్ని రోజులకే నిజాం "నేను చెప్పలేదు, వాపసు ఇయ్యండి" అన్నడు. బ్యాంకేమో ఖాతాదారు ఒప్పుకోనిది ఇయ్యమన్నది. 1954లో నిజాం దావా వేసిండు. 1957లో ఇంగ్లండ్ పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్, వేరే దేశాన్ని ఇక్కడ కోర్టుకు ఈడ్వలేమని ఆపేసింది. డబ్బు అట్లనే గడ్డకట్టి ఉన్నది.

1963లో నిజాం ఒక పని చేసిండు. ఆ డబ్బు మీద తన హక్కును ఇద్దరు మనుమలు ముకర్రం జా, ముఫఖం జా పేరున ట్రస్టు రాసిండు. చేతికి రాని డబ్బుకు కూడా కాగితం రాసి పెట్టిండన్నట్టు. 2013లో పాకిస్తానే కోర్టుకెక్కి తన రక్షణ తానే పోగొట్టుకున్నది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు జడ్జి మార్కస్ స్మిత్ తీర్పు చెప్పిండు. పాకిస్తాన్ ఆ డబ్బును కేవలం నమ్మకంగా పట్టుకున్నదే తప్ప దాని సొంతం కాదు, అది నిజాంకు చెందింది, ఆయన ద్వారా హక్కు వచ్చిన మనుమలకు, భారతదేశానికి పోవాలె అని. అప్పటికి అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లు. కుటుంబంలో ఇంకొందరు మాకూ వాటా ఉన్నదని మళ్లీ పోయిండ్రు గాని 2020లో కోర్టు ఒప్పుకోలేదు.

పది లక్షలు మూడున్నర కోట్లు ఎట్లయింది? లెక్క వేస్తే సగటున ఏటికి ఐదు శాతం చొప్పున పెరిగినట్టు. పెద్ద వడ్డీ ఏం కాదు, మన డిపాజిట్ వడ్డీ కన్నా తక్కువే. ముట్టకుండా ఉంచితే కాలం చేసే పని అది. పరిహారం వచ్చిన రైతు అసలును కాపాడుకొని వడ్డీతో బతకాలని పెద్దలు చెప్పేది ఇందుకే. విత్తనాలు వండుకొని తింటే మర్నాటి కార్తెకు ఏం చల్లుతం? కాకపోతే ఇంకో మాట కూడా నిజం. డబ్బు పెరిగింది గాని, రాసినాయన కండ్ల చూడలేదు. తీర్పు వచ్చేసరికి ఆయన పోయి 52 ఏండ్లయింది.

ఇప్పుడు పన్ను సంగతి. "రైతుకు పన్ను లేదు" అని మనం ధీమాగా అంటం. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? 1860లో ఇంగ్లీషోళ్లు మొదటిసారి ఆదాయపు పన్ను పెట్టినప్పుడు సాగు ఆదాయాన్ని కూడా కలిపిండ్రు. 1886 చట్టంలో దాన్ని తీసేసిండ్రు, రైతు ఎట్లాగూ శిస్తు కడుతుండె కాబట్టి. నిజాం రాజ్యంలో ఆదాయపు పన్ను చట్టం 1357 ఫస్లీలో, అంటే రాజ్యం ఆఖరి రోజుల్లో వచ్చింది. 1950 ఏప్రిల్ 1 నుంచి దేశం మొత్తానికున్న చట్టమే ఇక్కడా వచ్చింది. సాగు ఆదాయానికి ఆ మినహాయింపు నేటికీ నడుస్తున్నది.

కానీ మినహాయింపు సాగుకు మాత్రమే, రైతు అన్న మనిషికి కాదు. డిపాజిట్ వడ్డీ సాగు ఆదాయం కాదు. పాలు, కోళ్ల ఆదాయం కూడా కాదు. పొలంలో సెల్ టవర్‌కు వచ్చే కిరాయీ కాదు. ఇవన్నీ లెక్కలోకి వస్తయి. పల్లె భూమి అమ్మితే పన్ను లేదు గాని, పట్టణం హద్దుకు దగ్గరుంటే లాభం మీద పన్ను పడొచ్చు. పదివేలకు పైన లక్ష దాకా జనాభా ఉన్న పట్టణమైతే 2 కిలోమీటర్లు, పది లక్షల దాకా అయితే 6, ఆపైన 8 కిలోమీటర్ల లోపల భూములకు ఆ లెక్క. 2013 భూసేకరణ చట్టం కింద వచ్చిన పరిహారానికి ఆదాయపు పన్ను లేదు. ఆ పరిహారాన్ని డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీకి మాత్రం ఉన్నది. ఆర్డరు కాపీ జాగ్రత్తగా పెట్టుకోండి. పదేండ్లకు ఎవరన్నా "ఇంత డబ్బు ఎక్కడిది" అంటే అదే సాక్ష్యం.

చచ్చినంక పన్ను ఉంటదా అని కొందరు అడుగుతుంటరు. 1953 నుంచి 1985 దాకా ఉండె. ఎస్టేట్ డ్యూటీ అనేటోళ్లు, పెద్ద ఆస్తుల మీద 85 శాతం దాకా పోయింది. నిజాం పోయింది ఆ కాలంలోనే. వసూలు ఖర్చుకు తగ్గ రాబడి లేదని 1985లో తీసేసిండ్రు. ఇప్పుడు వారసత్వంగా వచ్చిన ఆస్తికి ఆ పన్ను లేదు. కాబట్టి భయపడి బతికుండగానే అంతా పిల్లల పేర రాసి ఇచ్చే అవసరం లేదు. రాసిస్తే "మమ్మల్ని పోషించాలె" అన్న షరతు కాగితంలోనే పెట్టించండి. 2007 వృద్ధుల చట్టం కింద, చూడకపోతే వాపసు అడిగే దారి ఉంటది.

వీలునామాకు కోట్లు అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టిస్తే చెల్లుతది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయిస్తే మంచిది. అయితే తాతల నాటి ఉమ్మడి ఆస్తి మొత్తం ఒక్కరి పేర రాయడం కుదరదు. మన దగ్గర 1985 నుంచి, దేశమంతా 2005 నుంచి ఆడబిడ్డకూ అందులో కొడుకుతో సమాన హక్కున్నది. మీ సొంత సంపాదన వేరు, ఉమ్మడిది వేరు. సర్ఫేఖాస్, దివానీ లెక్కన్నట్టు. లండన్‌లో 71 ఏండ్లు నలిగిన ప్రశ్నల్లో "ఆ డబ్బు సర్కారుదా, నిజాందా" అన్నది కూడా ఒకటి.

నామినీ అంటే వారసుడు కాదు. బ్యాంకు డబ్బు తీసుకొని వారసులకు అప్పజెప్పే చెయ్యి మాత్రమే అని సుప్రీంకోర్టు 2010లో తేల్చి చెప్పింది. రైతు బీమాలో నామినీగా చనిపోయినవాళ్ల పేరే ఇంకా ఉన్నదేమో ఒకసారి చూసుకోండి.

నిజాం వారసుడు ముకర్రం జా ఆస్తుల చిక్కులు మోయలేక ఆస్ట్రేలియా పోయి లక్షల ఎకరాల్లో గొర్రెలు పెంచిండు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోతే మక్కా మసీదులో తాతముత్తాతల పక్కన పెట్టిండ్రు. ఆ ఇంటికి లాయర్లు ఉన్నరు, ఏండ్ల తరబడి కొట్లాడే స్తోమత ఉన్నది. మనకు రెండెకరాలు, ఒక పాసుబుక్కు. మన పిల్లలు 71 ఏండ్లు ఆగలేరు, ఏడేండ్లు కోర్టు చుట్టూ తిరిగినా ఆ రెండెకరాలు వకీలు ఫీజుకే పోతయి.

ఈ ఆదివారం పని లేనప్పుడు పెట్టె తెరవండి. పాసుబుక్కు, పరిహారం ఆర్డరు, డిపాజిట్ కాగితాలు, బీమా బాండు ఒక్క సంచిలో పెట్టండి. ఇంటామెను, కొడుకును, బిడ్డను కూర్చోబెట్టి ఏది ఎక్కడున్నదో చెప్పండి. చెప్పింది కాగితం మీద కూడా పెట్టండి.